క్రిస్మస్ సెలవులకి దారింగ్‌బాడా, దేవమాలా, అరకా? అత్తగారితో, పిల్లలతో వెళ్ళాలి, సలహా చెప్పండి

బరంపురం కోడలు:
అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. మాది బరంపురం. డిసెంబరు 25 నుంచి నాలుగు రోజులు ఎక్కడైనా చల్లగా, కొండల్లో గడపాలని ఇంట్లో అనుకున్నాం. అందరూ ఒప్పుకున్నది ఆ ఒక్క మాట వరకే. దగ్గర కాబట్టి మావారు దారింగ్‌బాడి అంటారు. శ్రీకాకుళంలో ఉండే మా ఆడపడుచుకి అరకు కావాలి, అద్దాల రైలెక్కాలట. పదో తరగతి చదివే మా అబ్బాయి దేవమాలి మీద టెంట్ వేసుకుని పడుకుంటానంటాడు. మా అత్తగారికి డెబ్బై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. ఆవిడకి గుప్తేశ్వరం స్వామి దర్శనం అయితే చాలట. నా సంగతంటారా, నాలుగు రోజులు వంటింటి మొహం చూడకుండా ఉంటే ఏ ఊరైనా ఒకటే.

పెద్దవాళ్ళం ఐదుగురం, పిల్లలు నలుగురు. మాకున్నది ఏడు సీట్ల కారు. మా చిన్నదానికి ఘాట్ రోడ్డంటే వాంతులు. దేవమాలి, గుప్తేశ్వరం రెండూ కోరాపుట్ వైపే కదా, దారింగ్‌బాడి, కోరాపుట్, అరకు మూడూ కలిపి ఒకే చుట్టులో తిరిగి రావచ్చా?

ఉత్తి ప్రేక్షకుడు:
ఒకే ఇంట్లో నాలుగు పార్టీలు. మీకు కావాల్సింది ట్రిప్ ప్లాన్ కాదమ్మా, సంకీర్ణ ప్రభుత్వం.

మబ్బుల వేటగాడు:
మీ అబ్బాయికే నా ఓటు. దేవమాలి 1672 మీటర్లు, ఒడిశాలో అంతకంటే ఎత్తైన శిఖరం లేదు. ఇప్పుడు పైదాకా రోడ్డుంది. తెల్లవారుజామున కాళ్ళ కింద మబ్బులు పరుచుకుని ఉంటే అరకూ గుర్తుకు రాదు, ఊటీ గుర్తుకు రాదు.

సాలూరు స్టీరింగ్:
మూడూ కలిపి తిరగొచ్చు. కారు దిగకపోతే తిరగొచ్చు.

దారింగ్‌బాడి కంధమాల్ జిల్లాలో ఉంది, మీకు వాయవ్యం వైపు. కోరాపుట్ మొత్తం నైరుతి మూల. ఈ రెంటి మధ్యా తిన్నగా పోయే మంచి రోడ్డు ఉన్నట్టు మ్యాప్‌లో కనిపిస్తుంది గానీ, అదంతా కొండలూ మలుపులే. తొమ్మిది మందిని, అందులో వాంతుల పాపని వేసుకుని ఆ చుట్టు తిరిగితే ఇంటికొచ్చాక ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోరు. ఒక్క దిక్కు ఎంచుకోండి. ఇంకో మాట, ఏడు సీట్లలో తొమ్మిది మంది మామూలు రోడ్డు మీదే కష్టం. ఘాట్‌లో ఆ బరువుతో దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కిపోతాయి.

ఆస్కా రోడ్డు:
నేనూ బరంపురమే అక్కా. దారింగ్‌బాడి మనకి 120 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. హింజిలికాటు, ఆస్కా, సొరడ మీదుగా వెళ్ళి ఘాట్ ఎక్కాలి. ఊరు బాగుంటుంది, కాదనను. పైన్ చెట్లు, కాఫీ తోట, ఆ కాఫీ చెట్ల మధ్య మిరియాల తీగలు, మిడుబండ జలపాతం. కానీ క్రిస్మస్ వారంలో మాత్రం వద్దు. గంజాం జిల్లా సగం అక్కడే ఉంటుంది, భువనేశ్వర్, కటక్ వాళ్ళు మిగతా సగం నింపుతారు. ఉన్న గదులు తక్కువ, ఆ వారం రేట్లు చెప్తే మీవారు దగ్గర అనే మాట వెనక్కి తీసుకుంటారు. కంధమాల్‌లో క్రైస్తవ కుటుంబాలు చాలా ఉన్నాయి, పల్లెల్లో క్రిస్మస్ పెద్ద పండగ. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, ఆ రెండు రోజులు వంటవాళ్ళు, డ్రైవర్లు కూడా పండగలో ఉంటారు కదా.

"ఒడిశా కశ్మీర్" అని వీడియోల్లో మంచు చూపిస్తున్నారని పిల్లలకి ఆశ పెట్టకండి. అక్కడ కశ్మీర్‌లో లాగా మంచు కురవదు. బాగా చలి పడిన రాత్రి గడ్డి మీదా, గడ్డివాముల మీదా పడిన మంచు బిందువులు గడ్డకట్టి తెల్లగా కనిపిస్తాయి. అదీ ఎండెక్కే లోపలే చూడాలి.

బరంపురం కోడలు:
అయ్యో, మావాళ్ళు ఇప్పటికే మంకీ క్యాప్‌లు కొనేశారు.

సునాబెడ రిటైర్డ్:
అమ్మా, మంకీ క్యాప్‌లు వృథా పోవు, మా వైపు రండి. సునాబెడలో విమాన ఇంజన్ల కర్మాగారంలో పనిచేసి రిటైరై ఇక్కడే స్థిరపడ్డాను. పక్కనే సెమిలిగూడ. డిసెంబరు, జనవరిలో ఒడిశా మొత్తానికి అతి తక్కువ ఉష్ణోగ్రత అని పేపర్లో వేసే ఊళ్ళలో మాదీ ఒకటి. ఐదారు డిగ్రీలకి పడిపోయే రాత్రులుంటాయి. పగలు మాత్రం చక్కటి ఎండ కాస్తుంది.

దేవమాలి గురించి మబ్బుల వేటగాడు గారు చెప్పింది నిజమే గానీ, అది ఆయన వయసు వాళ్ళ మాట. చెట్టూ చేమా లేని గడ్డి కొండ. గాలి ఎముకలు కొరుకుతుంది. డెబ్బై దాటిన ఆవిడని రాత్రి టెంట్‌లో పడుకోబెట్టడం నాకు నచ్చదు. సెలవు రోజుల్లో పైన కార్లు బారులు తీరి ఉంటాయి, పాటల పెట్టెలు, ప్లాస్టిక్ ప్లేట్లు, అదో జాతర. మామూలు రోజున, తెల్లవారుజామున, కారులో వెళ్ళి సూర్యోదయం చూసి టిఫిన్ వేళకి దిగిపోవడమే మేలు.

నవంబరులో వచ్చేవాళ్ళకి ఇంకో ఆకర్షణ ఉంది, వలిసె పూలు. కోరాపుట్ నుంచి నందపూర్, పాడువా, అరకు దాకా ఆ పసుపు చేలు చూసి తీరాలి. మీరు వచ్చేది డిసెంబరు నెలాఖరుకి కాబట్టి చాలాచోట్ల కోతకి వచ్చేసి ఉంటాయి. అందువల్ల పూల కోసం మాత్రం అరకు పోనక్కర్లేదు.

పర్లాకిమిడి పిల్లోడు:
అందరూ అరకు, కోరాపుట్ అంటున్నారు, మా మహేంద్రగిరిని ఒక్కరూ తలుచుకోలేదు. 1501 మీటర్లు. పరశురాముడు తపస్సు చేసిన కొండ అంటారు. పైన భీముడి గుడి, కుంతి గుడి, యుధిష్ఠిరుడి గుడి ఉన్నాయి, పాత రాతి కట్టడాలు. చోళుల శాసనం కూడా ఉంది. ఒక పక్క గజపతి జిల్లా అడవి, ఇంకో పక్క మన మందస వైపు తీర మైదానం. శ్రీకాకుళం ఆడపడుచు గారికీ దగ్గరే.

సునాబెడ రిటైర్డ్:
బాబూ, మంచి చోటే. కానీ పైన బస లేదు, భోజనం లేదు. శివరాత్రికి తప్ప జనం ఉండరు. తొమ్మిది మంది పొద్దున వెళ్ళి సాయంత్రం దిగిపోవాలి. నాలుగు రోజుల సెలవుకి అది సరిపడదు కదా.

పర్లాకిమిడి పిల్లోడు:
జనం ఉండకపోవడమే దాని గొప్ప మాస్టారూ. సరే, ఒక రోజు ప్రయాణంగానైనా రాసిపెట్టుకోమనండి.

ఆస్కా రోడ్డు:
దగ్గరే కావాలంటే ఇంకోటి ఉంది. దిగపహండి మీదుగా తప్తపాణి, అక్కణ్ణుంచి మోహన, చంద్రగిరి. తప్తపాణిలో గంధకం వేడినీళ్ళ ఊట, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఆ నీళ్ళంటే ప్రాణం పెడతారు. చంద్రగిరి దగ్గర 1960ల్లో వచ్చి స్థిరపడిన టిబెటన్ల ఊళ్ళున్నాయి. జిరంగ్‌లో పెద్ద బౌద్ధ విహారం. 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. పిల్లలకి మోమోలు దొరుకుతాయి. చలికాలంలో వాళ్ళలో చాలామంది స్వెట్టర్లు అమ్ముకోవడానికి ఊళ్ళ మీదికి వెళ్ళిపోతారు, అందుకని వీధులు కాస్త బోసిగా ఉంటాయి. రెండు రోజులకి అది చాలు, నాలుగు రోజులకి చాలదు.

ఎస్.కోట కుర్రాడు:
అరకు గురించి ఎవరూ చెప్పట్లేదు కాబట్టి నేను చెప్తా. డిసెంబరు 25 నుంచి జనవరి మొదటి వారం దాకా మా ఊరి మీదుగా అరకు వెళ్ళే కార్లు లెక్కపెట్టలేం. అనంతగిరి ఘాట్‌లో ట్రాఫిక్ ఆగితే అక్కడే బొంగు చికెన్ తిని అక్కడే అరిగించుకోవాలి. బొర్రా గుహల దగ్గర టికెట్ల లైను, పార్కింగ్ లైను, బాత్రూం లైను. గుహలు గొప్పవే, అందులో మాట లేదు, కానీ ఆ వారం గుహలో కూడా తోపులాటే. మెట్లు చాలా ఉన్నాయి, అత్తగారికి కష్టం.

ఆడపడుచు గారి కోరిక రైలే అయితే మాత్రం దానికి రోడ్డుతో పని లేదు. ఉదయం విశాఖలో కిరండూల్ రైలెక్కితే శృంగవరపుకోట దాటాక సొరంగాలే సొరంగాలు. కిటికీ పక్కన కూర్చుంటే రోడ్డు మీద కనపడని లోయలన్నీ కనిపిస్తాయి.

రాయగడ టీచరమ్మ:
ఎస్.కోట తమ్ముడు చెప్పిన రైలు అరకుతో ఆగిపోదు. చాలామంది మరిచిపోయేది ఇదే. అది ఘాట్ ఎక్కి, అరకు దాటి, కోరాపుట్, జయపురం మీదుగా కిరండూల్ పోతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకి చేర్చడానికి 1960ల్లో వేసిన లైను అది.

కాబట్టి కోడలమ్మా, నా లెక్క విను. మీ ఆడపడుచు కుటుంబం ముందురోజు విశాఖ వచ్చి పడుకోవాలి. పొద్దున ఆ రైలు. అరకు దాకా అద్దాల పెట్టెలో టికెట్టు తీసుకోవాలి, అరకు నుంచి జయపురానికి అదే రైల్లో మామూలు పెట్టెలో ఇంకో టికెట్టు. అరకు లోయ మొత్తం రైల్లోంచే చూసేస్తారు, ట్రాఫిక్‌తో పని లేదు.

మీ కుటుంబం బరంపురంలో రాత్రి హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. భువనేశ్వర్ నుంచి జగదల్‌పూర్ పోయే బండి. విజయనగరం, పార్వతీపురం మీదుగా మా రాయగడ వచ్చేసరికి ఇంకా చీకటిగానే ఉంటుంది. తెల్లారేసరికి లక్ష్మీపూర్ వైపు కొండల్లో ఉంటారు. ఈ రాయగడ–కోరాపుట్ లైను కూడా సొరంగాలూ వంతెనలే, అందం విషయంలో అరకు లైనుకి తీసిపోదు, పేరు రాలేదంతే. మంచం దిగకుండా ఘాట్ ఎక్కేస్తారు. రైలు మలుపులు మెల్లగా తిరుగుతుంది కాబట్టి కార్లో వాంతి చేసుకునే పిల్లలు చాలామంది రైల్లో బానే ఉంటారు.

దిగేది కోరాపుట్‌లోనా జయపురంలోనా అన్నది స్థానికులు చెప్పాలి.

బల్లార్షా బొగ్గు:
మధ్యలో వస్తున్నాను. మాది మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా, బొగ్గు గనుల దగ్గరి తెలుగువాళ్ళం. మా వైపు చల్లటి ఊరంటే అమరావతి జిల్లాలో చిఖల్దరా. 1100 మీటర్ల ఎత్తు, అక్కడా కాఫీ పండుతుంది, భీముడు కీచకుణ్ణి చంపి పడేసిన లోయ అని చూపిస్తారు, పక్కనే మేళ్‌ఘాట్ పులుల అడవి. అక్కడికి వెళ్ళిన తెలుగువాళ్ళెవరైనా ఉన్నారా?

నిర్వాహకుడు:
బల్లార్షా గారూ, మంచి విషయం. దానికి వేరే చర్చ మొదలుపెట్టండి, ఇక్కడ కలిస్తే రెండూ పోతాయి. అలాగే ఎవరూ కార్ల వాళ్ళ ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టొద్దు. రెండు తీసేశాను.

జయపురం మందులషాపు:
స్థానికుణ్ణి, చెప్తున్నా. జయపురంలో దిగండి. ఎందుకంటే ఇది వ్యాపారాల ఊరు. పర్యాటకుల మీద బతికే ఊరు కాదు కాబట్టి సీజన్ అని గది రేటు అంత దారుణంగా పెరగదు. హోటళ్ళున్నాయి, ఆస్పత్రులున్నాయి, తెలుగు మాట్లాడితే బదులు పలుకుతారు, ఇడ్లీ దొరుకుతుంది. అందం మాత్రం అడగొద్దు, బజారు ఊరు. ఇక్కడ పడుకుని రోజుకో దిక్కు వెళ్ళి రండి. కార్లు ఇక్కడే అద్దెకి దొరుకుతాయి, రెండు మాట్లాడుకోండి.

గుప్తేశ్వరం మా ఊరి నుంచి 60 కిలోమీటర్ల లోపే. దారంతా అడవి, సాల చెట్లు. గుహ లోపల పెద్ద శివలింగం, కింద కొలాబ్ నది. ఆ నదినే మీరు దిగువన శబరి అంటారు. గుహ దాకా మెట్లెక్కాలి, అదొక్కటే అత్తగారి సమస్య. పొద్దున్నే వెళ్ళి, ఆగి ఆగి ఎక్కితే ఇబ్బంది ఉండదు. సోమవారం మాత్రం వద్దు, రద్దీ.

ఇక నా వృత్తి మాట. కోరాపుట్ అయినా కంధమాల్ అయినా మలేరియా ఉన్న జిల్లాలే, చలికాలమని ధీమా పనికిరాదు. సాయంత్రం అయ్యేసరికి పిల్లలకి పొడుగు చేతుల చొక్కాలు, దోమల మందు. ఇంటికి చేరాక రెండు మూడు వారాల్లో ఎవరికి జ్వరం వచ్చినా "జలుబే" అని పారాసెటమాల్‌తో సరిపెట్టకుండా రక్తపరీక్ష చేయించండి, కోరాపుట్ వెళ్ళొచ్చామని డాక్టరుకి చెప్పండి. ఇక్కడ ఎక్కువగా వచ్చేది ఫాల్సిపారం రకం, ఆలస్యం చేస్తే మెదడుకి ఎక్కుతుంది.

జయపురం–కోరాపుట్ మధ్య కూడా 22 కిలోమీటర్ల ఘాటే. పాపకి వాంతుల మాత్ర బయల్దేరే ముందే వెయ్యాలి, మొదలయ్యాక వేస్తే మాత్ర కూడా బయటికే వస్తుంది. డోసు మీ పిల్లల డాక్టరునే అడగండి. అత్తగారికి మాత్రం ఆ మాత్రలు ఊరికే ఇవ్వొద్దు, పెద్దవాళ్ళకి మగత వచ్చి మెట్ల మీద తూలుతారు.

సాలూరు స్టీరింగ్:
పాపని ముందు సీట్లోనో, మధ్య వరసలో రోడ్డు కనిపించే చోటో కూర్చోబెట్టండి. చేతికి ఫోన్ ఇవ్వొద్దు. సగం వాంతులు ఫోన్ వల్లే. డ్రైవరుకి ముందే చెప్పండి, మలుపులో బ్రేకు, మలుపు దాటగానే గ్యాసు, ఇలా కొట్టేవాడైతే నాకే తిప్పుతుంది.

మన వైపు నుంచి సొంత కార్లలో వచ్చేవాళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి రాస్తున్నా. సాలూరు నుంచి సుంకి, పొట్టంగి మీదుగా సెమిలిగూడ ఎక్కేది జాతీయ రహదారే, కానీ ఖనిజం, సరుకు లారీలు ఎక్కువ. చీకటి పడ్డాక ఎక్కొద్దు. ఏ గేర్లో ఎక్కారో ఆ గేర్లోనే దిగాలి. పెట్రోలు ఆదా అని న్యూట్రల్‌లో దింపేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ళ బండి వెనక నేను పోను. మంచు కమ్మితే లైటు డిమ్‌లోనే ఉంచాలి, బ్రైట్ వేస్తే మంచంతా తెల్ల గోడ అయిపోయి ఏమీ కనపడదు.

బరంపురం కోడలు:
అందరికీ చేతులెత్తి దండం. రైలు మాట చెప్పగానే ఆడపడుచు సగం మెత్తబడింది. మావారే, "దారింగ్‌బాడి మూడు గంటలు, ఇదేమో రాత్రంతా ప్రయాణం" అని సణుగుతున్నారు. టీచరమ్మగారూ, టికెట్లు దొరుకుతాయా? జయపురంలో ఉంటే నాలుగు రోజులకి ఇంకేం చూడొచ్చు?

రాయగడ టీచరమ్మ:
60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి ఇప్పటికే నిండుతూ ఉంటాయి. ఈ రాత్రే చూసుకో. అత్తగారిది విడిగా ఒక్క టికెట్టుగా తియ్యి. ఒంటరిగానో ఇద్దరుగానో వెళ్ళే పెద్దవాళ్ళకి కింది బెర్త్ కోటా ఉంది. ఐదుగురినీ ఒకే టికెట్టులో కలిపితే ఆ కోటా రాదు. పెట్టె వేరే పడితే ఎవరైనా మార్చుకుంటారు, డెబ్బై ఏళ్ళావిడని పైకి ఎక్కమనే మనిషిని నేనింకా చూడలేదు.

ఒక హెచ్చరిక. అరకు లైన్లో సిమిలిగూడ అని చిన్న స్టేషను ఉంది, 996 మీటర్ల ఎత్తు, ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలో ఎత్తైనదని దానికి పేరు. అది ఆంధ్రాలో ఉంది. సునాబెడ మాస్టారు చెప్పే సెమిలిగూడ ఊరు ఒడిశాలో ఉంది. మీ ఆడపడుచుకి చెప్పు, పేరు చూసి దిగిపోతే అక్కడ ఎదురొచ్చేవాళ్ళు ఉండరు.

సునాబెడ రిటైర్డ్:
చూడాల్సినవి అడిగారు. కోరాపుట్‌లో శబర శ్రీక్షేత్రం, కొండ మీద జగన్నాథుడి గుడి. పక్కనే గిరిజన మ్యూజియం, చిన్నదే గానీ గంట సేపు నిలబెడుతుంది. కొలాబ్ జలాశయం సాయంత్రం పూట బాగుంటుంది. ఇవన్నీ ఒక్కరోజు. డుడుమా జలపాతం అని ఎవరైనా ఊరిస్తారు, 175 మీటర్ల దూకు, నిజమే. కానీ మాచ్‌కుండ్ విద్యుత్కేంద్రానికి నీళ్ళు మళ్ళిస్తారు కాబట్టి వానాకాలం, ఆ వెంటనే కొన్నాళ్ళు తప్ప ధార పలచబడిపోతుంది. డిసెంబరు ఆఖరులో అంత దూరం పిల్లల్ని తిప్పకండి.

దేవమాలికి మీ అబ్బాయిని, మావయ్యనీ, వాళ్ళ నాన్ననీ పంపండి. తెల్లవారుజామున నాలుగింటికల్లా జయపురంలో బయల్దేరాలి. మీరూ, అత్తగారూ హాయిగా పడుకోండి.

జయపురం మందులషాపు:
అమ్మగారు వంట వద్దన్నారు, చీరలు వద్దనలేదు. జగదల్‌పూర్ రోడ్డులో కోట్‌పాడ్ ఉంది. ఆల్ చెట్టు వేరు నుంచి తీసిన రంగుతో నూలుకి అద్దకం వేస్తారు, ఎరుపు, ముదురు గోధుమ రంగు. 2005లోనే భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. బరంపురం పట్టు కట్టేవాళ్ళకి మొదట ముతకగా అనిపిస్తుంది, ఉతికే కొద్దీ మెత్తబడుతుంది. షాపుల్లో కాకుండా నేతగాళ్ళ ఇళ్ళకే వెళ్ళి కొనండి, బేరం మరీ గట్టిగా ఆడకండి. ఒక్కో చీర వెనకాల నెలల పని ఉంటుంది.

మబ్బుల వేటగాడు:
మా దేవమాలిని టెంటు నుంచి రెండు గంటల సూర్యోదయానికి కుదించేశారు. సరే. కనీసం వారం మధ్యలో పెట్టుకోండి, శని, ఆదివారాలు వద్దు.

బరంపురం కోడలు:
టికెట్లు తీశాం. హీరాఖండ్‌లో నలుగురికి దొరికాయి, అత్తగారికి వేరే పెట్టెలో కింది బెర్త్. 25న కాకుండా 26 రాత్రి బయల్దేరుతున్నాం, 25న ఏమీ మిగల్లేదు. ఆడపడుచు వాళ్ళకి అద్దాల పెట్టెలో ఇంకా వెయిటింగే, దొరక్కపోతే మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చుంటానంది. గది జయపురంలో మాట్లాడాం. గుప్తేశ్వరం మొదటి రోజే పెట్టాం, ఆవిడ పని అయిపోతే మిగతా రోజులు మేం ఎటు వెళ్ళినా అడగరు. మావారిని సంక్రాంతి దాటాక మామూలు రోజుల్లో దారింగ్‌బాడి తీసుకెళ్తానని ఒప్పించాను.

సాలూరు స్టీరింగ్:
గుప్తేశ్వరానికి బయల్దేరే ముందు జయపురంలోనే ట్యాంకు నింపించండి. చీకటి పడకముందే అడవి దాటేయండి.

పదోతరగతి పర్వతారోహకుడు:
అందరికీ నమస్తే. ఈ చర్చలో చెప్పిన అబ్బాయిని నేనే. సునాబెడ తాతగారూ, నాలుగింటికి బయల్దేరితే సూర్యోదయం అందుతుందా? మూడున్నరకే లేపమని మావయ్యకి చెప్పాలా? టెంట్ వెయ్యకపోయినా ఒక గంట ఎక్కువ ఉండనివ్వమని మీరే అమ్మకి రాయండి.

సునాబెడ రిటైర్డ్:
మూడున్నరకే బయల్దేరు నాయనా. ఘాట్‌లో మంచుంటే బండి నెమ్మదిగా పోవాలి.

బరంపురం కోడలు:
వీడు ఇక్కడ కూడా ఖాతా తెరిచాడా? ఈ పూట లెక్కల ట్యూషన్‌లో ఉండాలి వాడు.